బడిపిల్లలు - పరిశోధకులు

పొందూరులో సన్నని ఖద్దరు నూలు వడకుటకు ముందు పత్తిని వలుగచేప దవడతో దువ్వుదురు. ఆ పనియందు తొందర పనికిరాదు. చేయి కఠినమైనచో దూది చెడును. దూది చెడినచో పోగు నిలువదు. ఇది యెరిగిన యూరివారికి, బడిపిల్లల బ్రతుకులను పరిశోధింప వచ్చువారు ఎంత మెల్లని చేతితో పనిచేయవలయునో విరివిగా చెప్పనక్కరలేదు.

పరిశోధన వలదని మేమనము. పిల్లలు బడి యేల మానుచున్నారు? ఐదవ తరగతి చేరియు రెండవ తరగతి పాఠము చదువజాలని వారెందరు? కులమును బట్టియు, తలిదండ్రుల కూలిని బట్టియు, ఆడపిల్ల యగుటను బట్టియు చదువెట్లు మారుచున్నది? వీనికి ఊహలే ప్రత్యుత్తరములుగా గైకొని ప్రభుత్వము పథకములు వేయుట చీకటిలో బాణము వేయుట వంటిది. నిజము తెలియవలయును. అయితే, తెలిసికొను విధము నిర్దుష్టముగా నుండవలయును.

శ్రీకాకుళము జిల్లాకు ఇట్టి పరిశోధన క్రొత్త కాదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము నడపిన ‘యంగ్ లైవ్స్’ అను పరిశోధన ఇథియోపియా, పెరూ, వియత్నాము దేశములతోపాటు మన దేశమునందును 2002లో ఆరంభమైనది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున సుమారు 3,000 మంది పిల్లలను ఎన్నుకొనిరి. వారు 1994-95లో జన్మించినవారును, 2001-02లో జన్మించినవారును. ఎన్నుకొన్న జిల్లాలలో శ్రీకాకుళము నొకటి. కొన్నియేండ్ల కొకమారు ఆ పిల్లలయొద్దకే మరల పోయి వారి తిండి, చదువు, పని, ఆశలు విచారించిరి. పిల్లల పేర్లును, గ్రామముల పేర్లును మరుగుపరచుట అందొక నియమము. పిల్లవాని మాట లోకమునకు తెలియవచ్చును, పిల్లవాడెవరో తెలియరాదు.

ఈ నియమమును బడిగోడల నడుమ కాపాడుట సులభము కాదు. పరిశోధకుడు తరగతిలో అడుగిడినంతనే పిల్లలకు అతడొక తనిఖీ అధికారివలె కానవచ్చును. ప్రక్కన ఉపాధ్యాయుడు నిలిచియుండగా ‘మీ పంతులుగారు రోజును వత్తురా, మిమ్ము కొట్టుదురా’ యని యడిగినచో, పిల్లవాడు నిజము చెప్పునా? మెప్పు నిచ్చు మాట చెప్పును. నలుగురిలో కులము నడిగినచో, దాని గాయము ప్రశ్నపత్రము ముగిసిన పిదపను మిగులును. ఇక తలిదండ్రులతో వలసపోయిన పిల్ల ఆ దినమున బడిలో నుండదు. ఎవరి కష్టమును లెక్కింపవలయునో వారే లెక్కకు రారు. ‘అసర్’ సర్వేవారు 2005 మొదలుకొని బడులలో గాక ఇండ్లకు పోయి పిల్లల చదువును పరీక్షించుటకు ఇదియు నొక కారణము.

అన్నిటికంటె పెద్ద చిక్కు సమ్మతి. సమ్మతి యెవరిది? 2009లో ఖమ్మము జిల్లాయందు ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకా నిచ్చు పరిశోధన నొకదానిని నడపిరి. అది వైద్యమునకు చెందినదేయైనను, దాని పాఠము సకల పరిశోధనలకును వర్తించును. 2010 ఏప్రిలులో దానిని నిలిపివేసిరి. బాలికల మరణములు కొన్ని సంభవింపగా, వానికి టీకా కారణమై యుండదని విచారణసంఘము తలచినది. అయినను సమ్మతిపత్రముల సంగతి వేరు. పార్లమెంటు స్థాయీ సంఘము 2013లో సమర్పించిన నివేదిక ప్రకారము, పరిశీలింపబడిన 9,543 పత్రములలో 2,763 పత్రములపై వసతిగృహముల వార్డెనులు సంతకము చేసియుండిరి! తల్లిదండ్రులు కొండపల్లెలలో నున్నారు. సంతకము కార్యాలయములో జరిగినది. పేదపిల్ల దేహముపై హక్కు వార్డెనుకు ఎవరిచ్చిరి?

ప్రధానోపాధ్యాయుని అనుమతి బడి గుమ్మమును తెరువగలదు గాని, పిల్లవాని నోటిని తెరువజాలదు. తల్లిదండ్రులకు వారి భాషలో తెలిపి వారి యంగీకారము గొనవలయును. పిదప పిల్లవానినే యడుగవలయును. భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శకములలో, 7 ఏండ్లు నిండిన పిల్లల నోటిమాట యంగీకారమును, 12 ఏండ్లు నిండినవారి వ్రాతపూర్వక యంగీకారమును గూడ కోరుచున్నది. సమాజశాస్త్రజ్ఞులు ఇంతకు తగ్గుట న్యాయము కాదు. ‘ఇష్టము లేదు’ అన్న పిల్లవానికి మార్కులలోగాని, మధ్యాహ్న భోజనములోగాని లేశమైనను నష్టము కలుగరాదు.

మరి రహస్యమును గూర్చి యొక మాట. ‘నీవు చెప్పునది యెవ్వరికిని చెప్పను’ అని తుదివరకు వాగ్దానము చేయువాడు అజ్ఞానియో, అబద్ధీకుడో కావలయును. పిల్లపై లైంగిక దౌర్జన్యము జరిగినట్లు తెలిసినవారు పోలీసులకు తెలుపవలయునని 2012 నాటి పోక్సో చట్టము శాసించుచున్నది. కావున ప్రశ్నించుటకు ముందే ఆ హద్దును పిల్లకు తెలుపవలయును. తెలిపినచో కొందరు నోరు విప్పకపోవచ్చును. అయినను మోసముతో రాబట్టిన మాటకంటె నిజాయితీతో కూడిన మౌనమే మేలు.

విద్యాహక్కు చట్టము 2009 ప్రకారము ప్రభుత్వ బడులలో తల్లిదండ్రులు అధికముగా నుండు యాజమాన్య సంఘములు గలవు. పరిశోధకులు బడికి వచ్చినపుడు ఈ సంఘములు నాలుగు ప్రశ్నలు వేయవలయును. మీరెవరి సొమ్ముతో వచ్చితిరి? పిల్లల మాటలను ఎచ్చట, ఎంతకాలము దాతురు? పిల్లవాడు వలదన్నచో ఏమి చేయుదురు? ఫలితములను మాకు తెలుగులో ఎపుడు తెలుపుదురు? చివరి ప్రశ్నకు జవాబు లేనివానికి మొదటి ప్రశ్నలకు జవాబున్నను చాలదు. మన పిల్లలు చెప్పిన సంగతులు దూరదేశపు గ్రంథాలయముల నలంకరించి, పొందూరు పఠనాలయమునకు రాకుండుట ధర్మము కాదు.

పత్తి మనది; దువ్వి వడికిన నూలులో మనకును పాలుండవలయును.