రొమ్ము క్యాన్సర్ చికిత్సలో వ్యాయామాన్ని భాగం చేయాలని తీర్మానం

భీమవరంలో జరిగిన మా మహిళా సంఘ సర్వసభ్య సమావేశం, రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న, కోలుకుంటున్న స్త్రీల విషయమై చర్చించి ఈ కింది తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది.

మన దేశ స్త్రీలలో ఎక్కువగా కనిపించే క్యాన్సర్ ఇదే. 2022లో సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చినట్టు అంతర్జాతీయ అంచనా. మన ఊరివాళ్లు ఆపరేషన్‌కో, రేడియేషన్‌కో విజయవాడ, విశాఖ, హైదరాబాదు వెళ్లొస్తారు. ఇంటికొచ్చాక "నువ్వు కదలకమ్మా, నేను చేస్తాగా" అంటూ అత్తగారో కూతురో ప్రేమకొద్దీ చేతిలో చెంబు కూడా అందుకుంటారు. చంకలో గ్రంథులు తీసినవైపు భుజం నెమ్మదిగా బిగుసుకుపోతుంది. జడ వేసుకుందామంటే చెయ్యి తల వెనక్కి పోదు, అటక మీది డబ్బా అందదు. బరువెత్తితే చెయ్యి వాస్తుందన్న భయం దీనికి తోడు.

ఆ భయాన్ని 2009లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం చాలావరకు తీర్చింది. అప్పటికే చెయ్యి వాచిన 141 మంది స్త్రీలలో, శిక్షకుల పర్యవేక్షణలో బరువులు కొద్దికొద్దిగా పెంచుకుంటూ ఎత్తినవారికి వాపు పెరగలేదు; అది ముదిరిన సందర్భాలు కూడా వారిలోనే తక్కువ. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున చురుకైన నడక, రెండుసార్లు కండరాల వ్యాయామం చేస్తే నీరసం, దిగులు తగ్గుతాయని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ నిపుణులు 2019లో ప్రకటించారు.

కాబట్టి, ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే చీటీలో మందులతోపాటు వ్యాయామం కూడా రాయాలని వైద్యులను ఈ సమావేశం కోరుతున్నది. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించడం, అందిన చోట పెన్సిల్‌తో గీత పెట్టుకోవడం లాంటివి ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పాలి. ఎముకలకు జబ్బు పాకినవారు, రక్తం బాగా తగ్గినవారు, జ్వరమున్నవారు డాక్టరును అడిగే మొదలుపెట్టాలి.

పేదింటి ఆడవాళ్లకు ఇది అందాలంటే ఎన్టీఆర్ వైద్య సేవలో ఆపరేషన్ తర్వాతి ఫిజియోథెరపీకి స్పష్టమైన చోటు ఉండాలని రాష్ట్ర ప్రభుత్వాన్ని, వేసవి ఉక్కపోతకు ముందే తెల్లవారుజామున నడవడానికి పార్కుల్లో దీపాలు, మరుగుదొడ్లు ఏర్పాటు చేయాలని పురపాలక సంఘాన్ని కోరుతున్నాం. జుట్టు ఊడి నలుగురిలోకి రావడానికి జంకే చెల్లెళ్లకు తోడుగా మా సభ్యులు వంతులవారీగా నడుస్తారు.

తీర్మానం ప్రతులను జిల్లా కలెక్టరుకు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి, పురపాలక కమిషనరుకు పంపాలని నిర్ణయించడమైనది.