తరలినవారు, మిగిలినవారు

యుద్ధకాలపు బాల్యాన్ని గురించి రాసే మనవాళ్లలో చాలామంది ఒక తీపి కథ చెబుతారు. బాంబులు పడ్డాయి, చుట్టాల ఊరు వెళ్లాం, బడి తప్పింది, మామిడితోపుల్లో ఆడుకున్నాం. ఈ కథలో అబద్ధం లేదు. కాని ఇది సగం కథ. మిగతా సగం చెప్పవలసిన బాధ్యత నాకూ ఉంది. ఆ తోపుల్లో ఆడుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్టణం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. మాది విశాఖ. నాకప్పుడు ఏడేళ్లు. మా నాన్న ప్లీడరు. సామాను కట్టుకొని బెజవాడ చేరి, మీటరుగేజి బండి ఎక్కి, గిద్దలూరు దాటి, నల్లమల సొరంగాల గుండా వెళ్లి నంద్యాలలో దిగాం. అక్కణ్ణించి బొగ్గుబస్సులో ఆళ్లగడ్డ వెళ్లాం. అక్కడ మా మేనమామకు మిద్దె ఉంది, గాదెలో జొన్నలున్నాయి. కనుకనే మేము తరలగలిగాం.

మా ఇంట్లో అంట్లు తోమే ఆమెకు నా ఈడు కూతురుండేది. ఆ తల్లీకూతుళ్లను ఇంటికి కాపలా పెట్టి వచ్చాం. రైల్లో అడిగాను: "మళ్లీ బాంబు పడితే వాళ్లేమవుతారమ్మా?"

"పిచ్చి ప్రశ్నలు వెయ్యకు నాన్నా, పడుకో" అంది అమ్మ.

వాళ్లు బతికే ఉన్నారు. అందులో మా ఘనత ఏమీ లేదు.

ఆళ్లగడ్డలో మా మామ జీతగాడు ఒకనాడు నాన్నతో అన్నాడు: "మీరు బాంబు పడితే కదిలినారు సామీ. మేం వాన పడకపోతే కదుల్తాం." కరువు ఏడు ఆ ఊరి కూలీలు పిల్లల్ని చంకనేసుకొని, పని వెతుక్కుంటూ, మేము వచ్చిన దారినే ఎదురు నడిచిపోయేవారు. మా ప్రయాణాన్ని పెద్దలు గౌరవంగా "ఇవాక్యుయేషన్" అన్నారు. వాళ్లది ఉత్త వలస.

ప్రభుత్వమూ ఇదే లెక్క పాటించింది. మద్రాసు నుంచి కచేరీలు, దస్తాలు లోపలి పట్టణాలకు తరలాయి. జంతుశాలలోని క్రూరమృగాలను కాల్చి చంపించారు. ఇక బర్మా సంగతి చూడండి. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాయి. అక్కడి రేవుల్లో, మిల్లుల్లో చాకిరీ చేసిన తెలుగు కూలీలు, "కోరంగీలు" అని ఈసడింపబడినవారు, లక్షల మంది భారతీయులతో కలిసి అడవులకు, కొండలకు అడ్డంపడి నడిచారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. తెల్లవారికొక దారి, నల్లవారికొక దారి చేశారని ఆనాడే గగ్గోలు పుట్టింది. ఆ దారిన నడిచిన కోరంగీ పిల్లవాడి జ్ఞాపకాలు మన సాహిత్యంలో ఎన్ని ఉన్నాయి?

"పిల్లవాడి భయానికి వర్గమేమిటి?" అని ఒక మిత్రుడు నన్ను నిలదీశాడు. భయం అందరికీ ఒకటే, ఒప్పుకుంటాను. కాని ఆ భయం నుంచి తప్పించే రైలు టిక్కెట్టు, మేనమామ మిద్దె, గాదెలో గింజలు అందరికీ లేవు. ఎవరు కదలాలో, ఎవరు కాపలా ఉండాలో బాంబు పడకముందే సమాజం నిర్ణయించి పెట్టింది.

ఇది పాత పురాణమని తోసెయ్యకండి. 2020 మార్చిలో దేశానికి తాళం వేసినప్పుడు విదేశాల్లో చిక్కినవారి కోసం విమానాలు వెళ్లాయి. కూలీలు మాత్రం పిల్లల్ని భుజాన వేసుకొని రహదారుల వెంట వందల మైళ్లు నడిచారు. ఆ పిల్లల్లో కొందరు ఈనాడు మీ తరగతిలో కూర్చొని ఉండవచ్చు.

ఉపాధ్యాయ మిత్రులారా, వాళ్ల చేత రాయించండి. విద్యార్థులారా, మా వంటి ముసలివాళ్ల మామిడితోపుల కథలు వినేటప్పుడు, ఇంటికి కాపలా ఎవరున్నారని అడగండి. అడిగితే నేను చెప్పలేను. ఆ పిల్ల పేరు నాకు గుర్తు లేదు. తోపులోని చెట్లు మాత్రం ఒక్కొక్కటీ గుర్తే.