ప్రేమపాట కూడా మనదే

మన కవి ప్రేమ కవిత చదివితే సభలో ఎవరో ఒకరు లేచి అడుగుతారు: "ఇందులో దళితత్వం ఎక్కడుంది?" ఆధిపత్య కులాల విమర్శకుడు అడిగితే వదిలేయొచ్చు. ఇప్పుడు మనవాళ్లే అడుగుతున్నారు. అందుకే ఈసారి ఒక ఆల్బమ్ గురించి.

జాన్ కోల్‌ట్రేన్ అమెరికా నల్లజాతి శాక్సఫోన్ కళాకారుడు. 1961లో 'డౌన్‌బీట్' పత్రిక విమర్శకుడొకరు ఆయన వాయించేది 'యాంటీ జాజ్' అన్నాడు. 1963లో ఆయన 'బాలడ్స్' వచ్చింది. మెకాయ్ టైనర్ పియానో, జిమ్మీ గారిసన్ బేస్, ఎల్విన్ జోన్స్ డ్రమ్స్. ఎనిమిది పాటలు, అన్నీ ప్రేమవే. సుడిగాలిలా వాయించే మనిషి ఇక్కడ వరసను దాదాపు ఉన్నదున్నట్టు, నింపాదిగా వాయిస్తాడు. విమర్శకులకు లొంగిపోయాడని కొందరంటారు. నాకలా వినిపించదు.

ఇందులో కొన్ని హాలీవుడ్ సినిమా పాటలు. ఆనాటి తెర మీద నల్లవాళ్లకు దక్కినవి ఎక్కువగా పనివాళ్ల వేషాలే. ప్రేమికుడు తెల్లవాడే. నల్లవాళ్లు తెల్లవాళ్లను పెళ్లాడటం చాలా రాష్ట్రాల్లో నేరం. 1967లో గానీ సుప్రీంకోర్టు ఆ చట్టాలను కొట్టేయలేదు. అలాంటి దేశంలో ఒక నల్లవాడు ఆ పాటల్లో మాటలు తీసేసి, తన ఊపిరి పోసి, "నేనూ ప్రేమిస్తాను" అన్నాడు. ఇది లొంగుబాటా?

అదే ఏడాది సెప్టెంబర్ 15న బర్మింగ్‌హామ్ చర్చిలో తెల్ల దురహంకారులు పెట్టిన బాంబుకు నలుగురు నల్లపిల్లలు చనిపోయారు. నవంబర్‌లో కోల్‌ట్రేన్ 'అలబామా' రికార్డు చేశాడు. అదే శాక్సఫోన్, అదే నలుగురు. రెండూ వరసగా వినండి. ప్రేమను అంత మెల్లగా పలికిన గొంతే ఆ పిల్లల కోసం అంత లోతుగా ఏడ్చింది.

1972లో దళిత్ పాంథర్స్ తమ పేరును బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. నల్లవాళ్ల కోపం మనకు బలమిచ్చింది. ఆ కోపం వదలమని నేననను. వాళ్ల ప్రేమను కూడా తెచ్చుకుందాం అంటున్నా. 2018లో మిర్యాలగూడలో దళిత యువకుణ్ణి నరికింది ప్రేమించి పెళ్లి చేసుకున్నందుకే. మన ప్రేమకు కత్తులు నూరే చోట మన ప్రేమపాట రాజకీయం కాదని ఎలా అంటాం?

రీసెర్చ్ చేస్తున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, దళిత కవిత్వం మీద మీ పేపర్లలో వేదన, ఆగ్రహం అని రెండే అధ్యాయాలుంటున్నాయి. మూడోది ప్రేమ మీద రాయండి. మన కవులు దాన్ని ఎప్పుడో మొదలుపెట్టారు.

జై భీమ్.