పాలపామును, మన జెర్రిపోతును

చేలలో ఎలుకల బాధ హెచ్చినప్పుడెల్ల, పాములను పట్టి పెంచి, పిల్లలు చేయించి గట్లపై విడిచినచో మేలుగాదా యని మన సోదర కర్షకులలో కొందరు అడుగుచుందురు. పెంపకమునందలి కష్టము నెఱిగినవా రీ మాట యనరు. ఉత్తర అమెరికాలోని పాలపాము ఇందులకు మంచి నిదర్శనము.

ఆ ఖండపు తూర్పు భాగమున పశువుల కొట్టములలో, బూడిదవన్నె మేనిపై ఎఱ్ఱని మచ్చలుగల యీ సన్నని పాము కానవచ్చును. దీనికి విషము లేదు. ఆవుల పొదుగు కుడుచునని నమ్మి అచ్చటి రైతులు దీనికి పాలపామని పేరిడిరి. మన జెర్రిపోతుపై పడిన నిందయు నిదియే గదా! పామునకు పీల్చుటకు తగిన పెదవులు లేవు. లోనికి వంగిన సూదులవంటి పండ్లు చన్నులకు తగిలినచో ఏ యావు కదలక నిలుచును? అది కొట్టమునకు వచ్చునది ఎలుకల కొఱకు.

ఆ పామును పెట్టెలలో పెంచువా రచ్చట ననేకులు గలరు. వారి పాట్లు వినదగినవి. చలికాలమున రెండు మూడు నెలలు మేతలేక చల్లనిచోట నుంచనిదే అది జతకట్టుట అరుదు. ఇతర సర్పములను మ్రింగు స్వభావము గలది గావున రెంటి నొకచో నుంచుట ప్రమాదము. జూను, జూలై నెలలలో పదింటికి అటునిటుగా గ్రుడ్లు పెట్టును. సుమారు రెండు నెలలకు జానెడు పిల్లలు వెలువడును. అసలు చిక్కు అప్పుడే మొదలు. చిన్న బల్లులు, వానపాములు, పురుగులు తినవలసిన యా పిల్లలు ఎలుకపిల్లను మూతితోనైన ముట్టవు. యజమానుడు దానికి బల్లివాసన పట్టించి దినములతరబడి బతిమాలవలెను. కొన్ని తినకయే చచ్చును.

మనకో, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము జెర్రిపోతును పట్టి యుంచుకొననీయదు. చట్టము లేకున్నను నే నిట్లే చెప్పుదును: దానికి కావలసినది మన పెట్టె గాదు, గట్టుమీది పొద, పాతపుట్ట, ఎలుక విడిచిన బొరియ. ఇవన్నియు మనమే చెక్కి తగులబెట్టుచున్నాము. నాగులచవితినాడు పుట్టలో పాలు పోసినవారే మఱునాడు జెర్రిపోతును త్రాచని కొట్టి, పిమ్మట ఎలుకలమందునకై వచ్చుచున్నారు. ఆ మందు తిన్న ఎలుకను మ్రింగిన పామునకును ముప్పే.

ఈ కారున గట్లు చెక్కునప్పుడు ఒక మూల పొదను విడువుడు. జెర్రిపోతు నిర్విషమైనను, గుర్తెఱుగని పామును చేత ముట్టవలదు, పిల్లలను చేరనీయవలదు.