నీ టీమ్ ఏదని నిలదీయడానికి వీడెవడు?

2024 మార్చి 27న ఉప్పల్‌లో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో రెండు జట్లూ కలిసి 523 పరుగులు చేశాయి, 38 సిక్సర్లు బాదాయి. హైదరాబాద్ 277 కొట్టింది, ముంబై 246 దగ్గర ఆగిపోయింది. అదే రాత్రి కొల్హాపూర్ జిల్లాలోని ఒక పల్లెలో ఆ మ్యాచ్ చూస్తున్న అరవై దాటిన పెద్దాయన ఒకరు రోహిత్ శర్మ ఔటవగానే సంబరపడ్డాడు. ఇంకేం గెలుస్తుందిలే ముంబై అన్నాడు. ఆ ఒక్క మాటకి ఆయన తల పగిలింది. కొద్దిరోజులకే ఆసుపత్రిలో ప్రాణం పోయింది. ఊళ్లోవాళ్లనే ఇద్దరిని పోలీసులు అరెస్టు చేశారు. ఆయన చెన్నై అభిమాని. ఆ రోజు చెన్నై ఆడనేలేదు!

ఎక్కడో ఒకరిద్దరు పిచ్చివాళ్లు అని తప్పించుకోకండి. కర్ర ఎత్తేది ఒక్కడే కావచ్చు, వాడికి ఆ ధైర్యం ఇచ్చిన రౌడీ భక్తి మాత్రం మన వీధుల్లో మ్యాచ్ ఉన్న ప్రతి సాయంత్రం తిరుగుతూనే ఉంటుంది.

ఆ తర్వాతి వారమే, ఏప్రిల్ 5న, ఉప్పల్‌కి చెన్నై వచ్చింది. ధోనీ బ్యాట్ పట్టుకుని దిగితే స్టేడియం దద్దరిల్లింది. హైదరాబాదే గెలిచింది. గెలిచాక కూడా కొందరి కడుపుమంట చల్లారలేదు. మెట్రో హబ్సిగూడ దాటేసరికి నలుగురు ఆరెంజ్ జెర్సీలవాళ్లు ఒకాయన్ని చుట్టుముట్టారు. ఆయన ఒళ్లో ఆరేడేళ్ల బాబు, పసుపు టోపీ, బుగ్గల మీద పసుపు రంగు. “ఏమన్నా, హైదరాబాద్‌ల బతుకుతవ్, చెన్నైకి జై కొడ్తవా?” ఆయన నవ్వి ఊరుకోబోయాడు. “నవ్వుడేంది? జై ఎస్ఆర్‌హెచ్ అను. పిలగానితోటి అనిపియ్.” తండ్రి అన్నాడు. పిల్లాడు అనలేదు. తండ్రి జేబురుమాలు తీసి, ఉమ్మితో తడిపి, కొడుకు బుగ్గల మీది రంగు తుడవడం మొదలుపెట్టాడు. అది ఓ పట్టాన పోదు కదా, చెంప ఎర్రబడిందే తప్ప పసుపు వదల్లేదు. ఆ నలుగురూ దాన్ని వీడియో తీసుకున్నారు. తార్నాకలో ఈలలు వేస్తూ దిగిపోయారు.

ఇదా విధేయత? ఎవరికి విధేయత, అసలు?

లెక్క చూద్దాం. హైదరాబాద్‌కి మొదట ఉన్నది డెక్కన్ ఛార్జర్స్. 2009లో కప్పు గెలిచింది, 2012లో రద్దయిపోయింది. దాని కోసం ఏ వీరాభిమానీ ఎవడి కాలరూ పట్టుకోలేదు. ఆ స్థానంలో వచ్చిన సన్‌రైజర్స్‌కి యజమాని చెన్నైలో ఉండే సన్ టీవీ. అంటే చెన్నైకి జై కొట్టాడని సాటి హైదరాబాదీని అవమానించినవాడి ఒంటిమీది జెర్సీ డబ్బు కూడా చివరికి వెళ్లేది చెన్నైకే. మన తిలక్ వర్మ ముంబైకి ఆడతాడు. అంబటి రాయుడు ముంబైకి ఆడాడు, చెన్నైకి ఆడాడు, సన్‌రైజర్స్‌కి ఎన్నడూ ఆడలేదు. 2025లో మన సిరాజ్ గుజరాత్ తరఫున ఉప్పల్‌కి వచ్చి 17 పరుగులకే 4 వికెట్లు తీసి సన్‌రైజర్స్ నడ్డి విరిచాడు. ఆటగాడు ఏ ఊరికి ఆడాలో వేలంపాట తేలుస్తుంది. టికెట్ కొనుక్కున్నవాడు ఎవరికి చప్పట్లు కొట్టాలో మాత్రం ఈ నలుగురు తేలుస్తారట.

ట్రావిస్ హెడ్ సంగతి ఇంకా వినసొంపు. 2023 నవంబర్ 19న అహ్మదాబాద్‌లో 137 కొట్టి ప్రపంచకప్ లాక్కెళ్లాడని అతని భార్యనీ ఏడాది పాపనీ సోషల్ మీడియాలో రాయలేని మాటలన్నారు. నెల తిరిగేసరికి సన్‌రైజర్స్ అతన్ని 6.8 కోట్లకు కొనుక్కుంది. ఏప్రిల్‌కల్లా హెడ్ మన ఇంటి దేవుడు! హార్దిక్ పాండ్యాకీ అంతే. మార్చిలో ఊరూరా బూతులు, జూన్‌లో టీ20 ప్రపంచకప్ ఫైనల్ చివరి ఓవర్ వేసి గెలిపించాక వాంఖెడేలో జేజేలు. అభిమానం మారడం తప్పని నేననను. నాలుగు నెలల్లో తిరగబడే అభిమానం కోసం పక్కవాడి పరువు తీయడమేమిటి?

ఈ జబ్బు మనకి క్రికెట్‌తో రాలేదు లెండి. మా హీరో గొప్పంటే మా హీరో గొప్పని ఫ్లెక్సీలు చించుకుని, థియేటర్ల ముందు తలలు పగలగొట్టుకున్న ఊళ్లు మనవి. ఆ విద్యే ఇప్పుడు జెర్సీ తొడుక్కుంది.

ఆవేశం లేకపోతే ఆటలో మజా ఏముంటుందని దబాయించేవాళ్లకి చెన్నైలోని చెపాక్ మైదానం గుర్తుచేస్తాను. 1999 జనవరి. పాకిస్తాన్ టూర్ వద్దని ఢిల్లీలో పిచ్ తవ్వేసిన నెల అది. 271 ఛేదనలో సచిన్ నడుంనొప్పితోనే 136 చేశాడు. అయినా 12 పరుగుల తేడాతో ఓడిపోయాం. గుండె పగిలిన ఆ జనమే లేచి నిలబడి పాకిస్తాన్ జట్టుకి చప్పట్లు కొట్టారు. వసీం అక్రమ్ మనుషులు మైదానం చుట్టూ తిరిగి దండాలు పెట్టారు. ఆ చెన్నై జనానికి ఇండియా మీద ప్రేమ తక్కువైందని చెప్పే మగాడెవడైనా ఉన్నాడా?

ఇక నిర్వాహకులు. 2021 జనవరిలో సిడ్నీలో బౌండరీ దగ్గర తనను దూషించారని సిరాజ్ ఫిర్యాదు చేస్తే ఆట ఆపి ఆరుగురు ప్రేక్షకుల్ని బయటికి పంపించారు. ఇక్కడ ప్రతి టికెట్ మీదా సీటు నంబరుంది, స్టాండ్ల నిండా కెమెరాలున్నాయి. పక్కసీటువాడి తల్లిని తిట్టినవాణ్ని ఆ నిమిషమే లేపి పంపించి, సీజనంతా గేటు దగ్గరే ఆపేయడానికి ఏం అడ్డం? అడ్డమేమీ లేదు, మనసే లేదు. వారం ముందునుంచీ టీవీలో యుద్ధం, పగ, ప్రతీకారం అని ప్రోమోలు వేసి వాణ్ని ఎగదోసిందే ఈ వ్యాపారం. ఏటా కొత్త జెర్సీ కొనేది వాడే, ముందు వరుసలో అరిచేది వాడే, కెమెరా వెతికేదీ వాడి మొహం కోసమే. పసుపు టోపీ పిల్లాడు మళ్లీ స్టేడియానికి రాకపోతే మాత్రం వాళ్ల లెక్కల్లో అదొక ఖాళీ సీటు. దాన్ని ఇంకొకడికి అమ్ముకుంటారు.