ముందు పరిహారం కట్టండి, తర్వాత కొట్లాడుకోండి

సెంట్రింగ్ కర్ర విరిగి మూడో అంతస్తు నుంచి కూలీ కింద పడ్డాడు. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. ఇక అక్కడి నుంచి కథ మనందరికీ తెలిసిందే. ‘అతను మా మనిషి కాదు, కాంట్రాక్టర్ మనిషి’ అంటుంది కంపెనీ. ‘నేను ఇన్సూరెన్స్ కట్టిన, వాళ్లనే అడుగుండ్రి’ అంటాడు కాంట్రాక్టర్. ‘ఇరవై మందికే ప్రీమియం కట్టారు, ఇతను ఇరవై ఒకటో మనిషి’ అంటుంది ఇన్సూరెన్స్ కంపెనీ. ముగ్గురికీ వకీళ్లున్నారు. చనిపోయినవాని భార్యకు మాత్రం వాయిదాలున్నాయి.

మేం ఒక్క మాట అడుగుతున్నాం. ఈ ముగ్గురి కొట్లాట తేలేదాకా ఆ ఇల్లు ఎందుకు పస్తుండాలి?

ఉండనక్కర లేదని చట్టమే చెప్పింది. నిన్న మొన్న కాదు, 1923లోనే చెప్పింది. ఆనాటి పరిహార చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టర్‌కు అప్పజెప్పిన యజమాని, ఆ కాంట్రాక్టర్ కూలీకి ప్రమాదం జరిగితే తన సొంత కార్మికునికి కట్టినట్టే పరిహారం కట్టాలి. కట్టిన తర్వాత కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. బాధితులు కావాలనుకుంటే నేరుగా కాంట్రాక్టర్‌నే అడగవచ్చు. అంటే ఎవరిని అడగాలో ఎంచుకునే హక్కు బాధితులది. ఎవరు ఎవరికి బాకీ అన్న లెక్క వాళ్లలో వాళ్లది.

మరి జరుగుతున్నదేమిటి? ‘పని స్థలంలో ఏం జరిగినా బాధ్యత కాంట్రాక్టర్‌దే, కంపెనీకి నష్టం వస్తే అతనే భర్తీ చేయాలి’ అని అగ్రిమెంట్‌లో రాసుకుంటారు. వకీళ్లు దాన్ని ఇండెమ్నిటీ అంటారు. ఆ షరతు ఆ ఇద్దరి మధ్యది. దాని మీద కూలీ వేలిముద్ర లేదు. ఉన్నా చెల్లదు. పరిహారం హక్కును వదులుకున్నట్టు కార్మికునితో రాయించుకున్న కాగితానికి విలువ లేదని అదే చట్టం 17వ సెక్షన్ చెప్పింది. అయినా కమిషనర్ ముందు కంపెనీ వకీలు మొదట తీసేది ఆ అగ్రిమెంటే. అది నిలవకపోతే ‘ప్రమాదం మా ఆవరణలో జరగలేదు’, ‘ఆ పని మా వ్యాపారంలో భాగం కాదు’ అని ఇంకో రెండు తలుపులు తడతారు.

ఇన్సూరెన్స్‌ది ఇంకో ముడి. కూలీల సంఖ్య, వాళ్ల జీతం చూసి ప్రీమియం లెక్కగడతారు. ఆ నాలుగు పైసలు మిగుల్చుకోవడానికి నలభై మంది ఉన్నచోట ఇరవై మందిని చూపుతారు. జీతం తగ్గించి రాస్తారు. దీని దెబ్బ ఎంతో చూడండి. ముప్పై ఏళ్ల కూలీ చనిపోతే పాత చట్టం కింద నెల జీతంలో సగాన్ని 207.98తో హెచ్చవేయాలి. లెక్కకు తీసుకునే జీతం 2020 జనవరి నోటిఫికేషన్ ప్రకారం గరిష్ఠంగా రూ. 15,000. ఆ జీతం మీద వచ్చేది రూ. 15,59,850. మస్టర్‌లో రూ. 8,000 అని రాసి ఉంటే రూ. 8,31,920. ఒక్క గీటుతో ఏడు లక్షల పైచిలుకు మాయం!

తప్పుడు లెక్క చూపితే ఇన్సూరెన్స్ కంపెనీ ఎందుకు కట్టాలని కొందరు అడుగుతారు. అడగవచ్చు. కానీ ఆ తప్పు కూలీది కాదు కదా! తక్కువ రేటుకు వచ్చిన కాంట్రాక్టర్‌ను ఏరికోరి తెచ్చుకున్న యజమాని మొదట కట్టాలి.

ఆలస్యానికీ ఆ చట్టం ధర కట్టింది. నెలలోగా చెల్లించకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే 50 శాతం దాకా జరిమానా. దాని మీదా పేచీలే. మోటారు వాహనాల కేసుల్లో వడ్డీ ఇన్సూరెన్స్ కంపెనీదే, జరిమానా యజమానిదేనని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇతర పాలసీల్లో వడ్డీ తమది కాదని కంపెనీ ముందే రాసుకుంటే అది చెల్లుతుందని 2006లో చెప్పింది.

2025 నవంబర్ 21 నుంచి 1923 చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చింది. అసలు యజమాని ముందు కట్టి తర్వాత రాబట్టుకోవాలన్న సూత్రం అందులోనూ ఉంది. చట్టం పేరు మారింది. వాయిదాలు మారతాయా?

2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో చనిపోయినవారు, ఆచూకీ దొరకనివారు కలిపి 54 మంది. కుటుంబానికి కోటి రూపాయలు ఇప్పిస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. అలాంటి చోటికి మంత్రులొస్తారు, కెమెరాలొస్తాయి. స్లాబు మీది నుంచి ఒక్కడే పడి చనిపోతే ఎవరొస్తారు? ఆ ఇంటికి దిక్కు చట్టం ఒక్కటే. ఎక్స్‌గ్రేషియా దయ. పరిహారం హక్కు. దయ చూపి హక్కును మరిపిస్తే ఊరుకోవద్దు.

ఈ గోస మనకు కొత్తనా? దేశంలో ఏ డ్యాం కట్టినా, ఏ కాలువ తవ్వినా పాలమూరు లేబర్ చెమట అందులో కలిసింది. గుంపు మేస్త్రీ చేతిలో లెక్కలు, ఊరికి తిరిగిరాని మనుషులు. ఆ పాలమూరు బాధ చెప్పుకునే మనం రాష్ట్రం అడిగాం. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు పని ఆపారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2025 ఫిబ్రవరి 22న అదే పాలమూరు గడ్డ మీద, నాగర్‌కర్నూల్ జిల్లా ఎస్‌ఎల్‌బీసీ సొరంగంలో ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్లు ఝార్ఖండ్, ఉత్తరప్రదేశ్, జమ్మూకశ్మీర్, పంజాబ్ బిడ్డలు. నల్లగొండకు నీళ్లు తేవడానికి వచ్చినవాళ్లు. ఒకనాడు మనవాళ్లు పరాయి రాష్ట్రంలో వలస కూలీలు. నేడు పరాయి రాష్ట్రం బిడ్డలు మన దగ్గర వలస కూలీలు. మనకు జరిగిందే వాళ్లకు జరగనిస్తే మన కొట్లాటకు అర్థమేముంది?

కాబట్టి మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. ప్రభుత్వ పనుల్లో ప్రమాదం జరిగితే నెలలోగా ప్రభుత్వమే పరిహారం జమ చేయాలి, తర్వాత కాంట్రాక్టర్ బిల్లులో కోసుకోవాలి. బిల్లు మీద సంతకం పెట్టే ఉద్యోగ మిత్రులారా, పాలసీలో ఉన్న సంఖ్యను, పనిలో ఉన్న తలలను ఒక్కసారి లెక్కపెట్టండి. లా చదివే తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, క్లెయిమ్‌కు రెండేళ్ల గడువుందని ఆ ఇళ్లకు చెప్పండి, దరఖాస్తు రాసిపెట్టండి.

ముగ్గురూ ఎన్నేళ్లయినా కొట్లాడుకోనీ. ఆ ఇంట్లో పొయ్యి మాత్రం ముందు వెలగాలి.