పండుగలు దూరం జరిగిన ఏడు

ఈ నెల పగారు లెక్కలు పక్కన పెట్టి క్యాలెండర్ సంగతి రాస్తున్నాను.

గోడకున్న క్యాలెండర్ తిప్పి చూడండి. ఈ ఏడు ఈద్-ఎ-మిలాద్ ఆగస్టు చివర్లో వస్తోంది. గణపతి నిమజ్జనం సెప్టెంబరు 25న. మధ్యలో నెల రోజుల ఎడం. పోయిన మూడేళ్ళు ఇట్లా లేదు. 2023లో రెండూ ఒక్కటే రోజు, సెప్టెంబరు 28న పడ్డాయి. 2024లో 16, 17. 2025లో 5, 6. ఆ మూడేళ్ళూ ముంబైలో ముస్లిం పెద్దలు కూర్చుని మాట్లాడుకుని తమ జులూసును వెనక్కి జరుపుకున్నారు. మొదటి ఏడు 29కి, తర్వాత 18కి, పోయిన ఏడు 8వ తేదీకి.

ఎందుకు కలిసినయి, మళ్ళీ ఎందుకు విడిపోయినయి అని మా మనవరాలు అడిగింది. ఇద్దరిదీ చంద్రుని లెక్కే. పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే, ఏటా పదకొండు రోజులు తక్కువ. మనం దాన్ని సరిచేయడానికి రెండు మూడేళ్ళకోసారి అధిక మాసం పెట్టుకుంటాం. వాళ్ళు పెట్టుకోరు. 2023 అధిక శ్రావణం తర్వాత మనకు అధిక మాసం లేదు కాబట్టి రెండు పండుగలూ జంటగా నడిచినయి. ఈ ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది, జంట విడిపోయింది.

మా భివండీలో చాలామంది "హమ్మయ్య" అన్నారు. నేనూ అన్నాను. తర్వాత ఆలోచిస్తే అది మంచి మాట కాదనిపించింది.

1984 మే నెలలో నాకు ఇరవై ఏళ్ళు. సాంచాల మీద పని. మా సేటు మోమిన్ అన్సారీ, వాళ్ళ తాతలు ఆజంగఢ్ వైపు నుంచి వచ్చిన నేతగాళ్ళు. మా అయ్య కరీంనగర్ జిల్లా నుంచి వచ్చిన నేతగాడు. 1970లో శివజయంతి ఊరేగింపు నాడు మొదలైన కొట్లాట ఎట్లా ఉండెనో మా అయ్య చెప్తుంటే విన్నాను. 1984లోది నేనే చూశాను. అది భివండీలో ఆగలేదు, ఠాణే దాటి ముంబై దాకా పోయింది. వందల మంది పోయారు. కార్ఖానా బంద్. మీటరు లెక్కన కూలి తీసుకునేటోనికి సాంచా ఆగితే పొయ్యి ఆగినట్టే. కల్యాణ్‌లో బండెక్కి ఊరికి పోయినం. తిరిగొచ్చేసరికి అదే సేటు, అదే సాంచా. అయితే మధ్యాహ్నం అందరం కలిసి తాగే చాయ్ మాత్రం అప్పటినుంచి విడివిడిగా తాగినం. అట్లా నాలుగేళ్ళు.

1988లో సురేశ్ ఖోపడే అనే ఆయన డిప్యూటీ పోలీస్ కమిషనర్‌గా వచ్చారు. ఊరంతా మొహల్లా కమిటీలు పెట్టించారు, సుమారు డెబ్బై. రెండు వైపులవాళ్ళూ ఉండాలి, లీడర్లే కాదు, చాయ్ అమ్మేటోడు, సాంచా నడిపేటోడు, ఆడవాళ్ళు కూడా. ఆ గల్లీ బీటు జవాను వచ్చి కూర్చునేది. నన్ను కూడా పేరు రాసుకున్నారు. శాంతి గురించి లెక్చర్లు ఇస్తారేమో అనుకుని మొదటి మీటింగుకు పోతే, మాట్లాడింది నల్లా గురించి.

మా చాలీకి, వాళ్ళ చాలీకి మధ్యలో ఒక్కటే నల్లా. నీళ్ళు వచ్చేది గంటన్నర. ఒక పొద్దున మా వదిన బిందె జరిపారని ఒక ఖాలాతో గొడవ పడింది. బిందె సొట్టపోయింది, ఖాలా చేతికి రక్తం వచ్చింది. అంతకుముందైతే అది రెండు మతాల కేసు అయిపోయేది. జవాను కేసు రాయలేదు, కమిటీ ముందు కూర్చోబెట్టాడు. రెండు గంటలు అరుచుకున్నారు. చివరికి తేలిందేమంటే ఒకరోజు ఆ చాలీ వంతు ముందు, మర్నాడు ఈ చాలీ. పసిపిల్లలున్న ఇల్లు ఏ చాలీదైనా మొదటి రెండు బిందెలు వాళ్ళవి. ఈ రెండో మాట చెప్పింది ఆ ఖాలాయే. అప్పుడు మా వదిన ఒళ్ళో మూడు నెలల పిల్ల ఉంది.

ఇట్లాంటివే నెలనెలా. మొగడు తాగొచ్చి కొడుతున్నాడని, బాకీ ఇవ్వలేదని, గల్లీలో జూదం ఆడుతున్నారని. ఎవరింట్లో ఎవరుంటారో, ఎవరి మాట ఎవరు వింటారో అందరికీ తెలిసిపోయింది.

1992 డిసెంబరు వచ్చింది. ముంబై రెండు నెలలు కాలింది, తొమ్మిది వందల మంది దాకా చనిపోయారని తర్వాత శ్రీకృష్ణ కమిషన్ తేల్చింది. అంతకుముందు రెండుసార్లు కాలిన భివండీ ఈసారి కాలలేదు. మా నాకాలో మేం చేసింది ఒక్కటే. పుకారు వస్తే ఇటునుంచి ఒకరు, అటునుంచి ఒకరు కలిసి పోయి చూసి రావడం. చూసినదాన్ని ఇక్కడ తెలుగులో, అక్కడ ఉర్దూలో చెప్పడం. ఒక రాత్రిలో నాలుగుసార్లు పోయాను. నాలుగుసార్లూ అబద్ధమే. ఖోపడే గారు తర్వాత ముంబై కాలింది, భివండీ ఎందుకు కాలలేదని పుస్తకం రాశారు. అందులో నల్లా గురించి ఉందో లేదో గానీ, మా గల్లీకి జవాబు నల్లానే.

ఇప్పుడు నా తప్పు చెప్తాను. నల్లా ఇంటింటికీ వచ్చింది, కూర్చోవడం మానేశాం. నెలకోసారి అయ్యేది పండుగ ముందు ఒక్కసారికి వచ్చింది. అదీ శాలువాలు, ఫోటోలు, వచ్చిన ముఖాలే రావడం.

పోయిన ఏడు నిమజ్జనం సాయంత్రం మా చిన్నోడి ఫోనులో ఎవరిదో గొంతు. అవతలి గల్లీలో మనోళ్ళని ఆపి కొడుతున్నారని. వాడు చెప్పులేసుకుంటుంటే నేను ఫోను తీశాను, అక్కడ ఎవరినైనా అడుగుదామని. నంబర్లన్నీ వెతికాను. నలభై ఏళ్ళు పక్కపక్కన బతికి, నా దగ్గర ఆ గల్లీ నంబరు ఒక్కటీ లేదు. కొడుకును లోపల ఉంచి నేనే నడిచిపోయాను. అక్కడ కరెంటు తీగ తెగి పడింది, జనాన్ని అటు రాకుండా ఆపుతున్నారు. అంతే. నేను పోకుంటే ఏమయ్యేదో రాయబుద్ధి కావడం లేదు.

ఈ ఏడు పండుగలు దూరం కాబట్టి ఎవరూ మీటింగు పిలవడం లేదు. పండుగల భయం లేని ఏడే కదా గట్టర్ గురించి నిమ్మళంగా మాట్లాడుకునేది! రెండు చాలీల నడుమ గట్టర్ నిండింది, వానాకాలం మొదలైంది. చెత్త వాళ్ళేశారని మనోళ్ళు, మనోళ్ళేశారని వాళ్ళు. అర్జీలు కూడా వేర్వేరుగా పోయాయి.

పోయిన వారం ఆ ఖాలా ఇంటికి పోయాను. ఆమె లేదు, పోయి ఆరేళ్ళయిందట. నాకు తెలియదు. ఆమె కొడుకు చాయ్ ఇచ్చాడు. "శాంతి మీటింగైతే నాకు టైం లేదు చాచా, గట్టరైతే వస్తా" అన్నాడు. గట్టరే బాబూ అన్నాను. నంబరు రాసుకున్నాను.

వచ్చే ఆదివారం సాయంత్రం అయిదింటికి, పాత నల్లా ఉన్నచోట. కుర్చీలు మన చాలీవి, చాయ్ వాళ్ళది. మా వదిన కూడా వస్తానంటోంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎవరింట్లోనైనా ఎత్తు కుర్చీ ఉంటే తీసుకురండి.